వెండితెర కన్నీరు, మన వీధిలోని కన్నీరు

మాస పాఠము. ముందుగా చదువవలసిన భాగములు: 2 సమూయేలు 12:15-23, యోబు 2:11-13, లూకా 13:1-5, యోహాను 11:17-44, యోహాను 19:25-27.



మన పెద్దల కాలములో సినిమాకు పోయివచ్చినవాడు ఆ సంగతి కాపరికి తెలియకుండ దాచుకొనెడివాడు. నేడు సినిమా చూచుటకు హిందూపురము బస్సు ఎక్కనక్కరలేదు. ధర్మవరములో మగ్గము ప్రక్కను, పెనుకొండ చుట్టుపట్ల వేరుసెనగ చేని గట్టుమీదను, చేతిలోని ఫోనులోనే సినిమా ఉన్నది. చూడవచ్చునా, చూడరాదా అను వాదము ఈ నెల పాఠము కాదు. తెరమీద ఒకరు చనిపోగా మనము ఏడ్చుచున్నాము. ఆ ఏడుపు మనకు ఏమి నేర్పుచున్నది? మన వీధిలో ఒకరు చనిపోయినప్పుడు అది మనకు ఏమైన అక్కరకు వచ్చుచున్నదా? ఇదియే నేటి ప్రశ్న.

మన సంఘములు బాగుగా ఎరిగిన చిత్రము ‘కరుణామయుడు’. అది 1978 డిసెంబరులో విడుదలైనది. విజయచందర్ ప్రభువు పాత్ర ధరించెను. తరువాత ఏండ్ల తరబడి పల్లెలలో తెర కట్టి, ప్రొజెక్టరు పెట్టి దీనిని చూపించిరి. సిలువ ఘట్టము వచ్చినప్పుడు కన్నులు తుడుచుకొనని వారు అరుదు. అయితే దానికి దర్శకుడైన భీంసింగ్ ఆ విడుదలను చూడలేదు. ఆ సంవత్సరము జనవరిలోనే కన్నుమూసెను. మరణమును తెరకెక్కించువానిని సహితము మరణము చెప్పిరాదు. కాబట్టి ప్రియులారా, సినిమాలలో మనుష్యులు దుఃఖమును ఎట్లు మోయుచున్నారో నాలుగు విధములు చూచి, వాటిని వాక్యపు వెలుగులో పరీక్షింతము.

1. దుఃఖమును త్రాగువాడు

1953లో వచ్చిన ‘దేవదాసు’ను ఎరుగని తెలుగువారు తక్కువ. కథ బెంగాలీ రచయిత శరత్‌చంద్రునిది. తెలుగులో తీసినవాడు వేదాంతం రాఘవయ్య. అక్కినేని నాగేశ్వరరావు దేవదాసు, సావిత్రి పార్వతి. పార్వతి మరియొకరి ఇల్లాలైన తరువాత దేవదాసు త్రాగుడుకు లోబడి, తుదకు ఆమె వాకిట ప్రాణము విడుచును. చూచినవారు అతనిని నిందింపలేదు, జాలిపడిరి. జాలిపడుట మంచిదే. అయితే దుఃఖములో త్రాగువానిని ‘దేవదాసు’ అని పిలిచి నవ్వుట మనకు అలవాటైనది. అది మంచిది కాదు.

మన పల్లెలలో ఏమి జరుగుచున్నది? గుంట త్రవ్వినవారికి మందు, పాడె మోసినవారికి మందు. భార్యను పూడ్చివచ్చిన యౌవనుని ప్రక్కన కూర్చుండి, ‘రెండు గుక్కలు వేసికో, మరచిపోవుదువు’ అని చెప్పు స్నేహితుడు ఒకడు ఎప్పుడును ఉండును. ఆ యౌవనుడు మరచునది దుఃఖమును కాదు, ఇంటిలోని బిడ్డలను. దుఃఖము తెల్లవారగానే తిరిగివచ్చును. పస్తున్న బిడ్డలు దానితోకూడ లేచెదరు.

దావీదును చూడుడి. బిడ్డ రోగియై యుండగా అతడు ఉపవాసముండి నేలపై పడియుండెను. బిడ్డ చనిపోయెనని తెలియగానే లేచి, స్నానముచేసి, దేవుని మందిరమునకు పోయి, ఇంటికి వచ్చి భోజనము చేసెను. సేవకులు ఆశ్చర్యపడిరి. దావీదు రాతిగుండెవాడు గనుక అట్లు చేసెనా? కాదు. అదే దావీదు అబ్షాలోము కొరకు గుమ్మముపైనున్న గదిలో ఎట్లు విలపించెనో తరువాతి అధ్యాయములలో చదువుదుము. ఏడ్చుటకు అతడు ఎరుగును, లేచుటకును ఎరుగును. దుఃఖపడువానిని లేపి, స్నానము చేయించి, పిల్లలతోకూడ ఇంత ముద్ద తినిపించువాడే నిజమైన స్నేహితుడు.

2. ఇల్లు చక్కబెట్టిన తల్లి

1993లో ‘మాతృదేవోభవ’ వచ్చెను. భర్త పోయిన ఒక తల్లికి క్యాన్సరు అని తెలియును. తనకు మిగిలిన దినములు కొద్దియేనని గ్రహించి, తన బిడ్డలను ఒక్కొక్కరిని ఒక్కొక్క ఇంటికి అప్పగించి చనిపోవును. మాధవి ఆ తల్లి పాత్ర వేసెను. అదే సంవత్సరము మలయాళములో వచ్చిన ‘ఆకాశదూతు’ దీనికి మూలము. అందులోను తల్లి మాధవియే. ఈ కథ అంతకు ముందే 1983లో అమెరికా టెలివిజనులో వచ్చియుండెను. అది కల్పన కాదు. అయోవా రాష్ట్రములో లూసిల్ ఫ్రే అను తల్లి, పదిమంది బిడ్డలు గలది, క్యాన్సరుతో 1952లో మరణించుటకు ముందు వారికి ఇండ్లు వెదకెను. ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య ఒక తల్లి పడిన వేదన మలయాళమునకు వచ్చి, తెలుగునకు వచ్చి, మన స్త్రీలను ఏడిపించినది. తల్లి ప్రేగు ఏ దేశములోనైన ఒక్కటియే.

ఇందులో మనకు రెండు పాఠములు గలవు. మొదటిది, చావును గూర్చి బ్రదికియుండగానే మాటలాడవలెను. మన ఇండ్లలో ఆ మాట ఎత్తినవానిని ‘అపశకునము పలుకకుము’ అని గద్దింతురు. ఫలితమేమి? నేతగాడు హఠాత్తుగా పోవును; మగ్గము మీద తెచ్చిన అప్పు ఎంతో భార్యకు తెలియదు. రైతు పోవును, పాసుపుస్తకము ఏ పెట్టెలోనున్నదో కొడుకునకు తెలియదు. బిడ్డలు ఎవరియొద్ద పెరుగవలెనో ఎవరును అనుకొనియుండరు. హిజ్కియా రాజు జబ్బుపడినప్పుడు ప్రవక్త అతనికి చెప్పిన మొదటి సంగతి ఇల్లు చక్కబెట్టుకొనుమనియే. మన ప్రభువు సిలువమీద వ్రేలాడుచు, అంత బాధలోను, తన తల్లి ఎవరి ఇంట నుండవలెనో ఏర్పాటుచేసెను. ఆయన చేసినది అపశకునమా?

రెండవది సంఘమునకు చెందినది. ఒక తల్లి చావు ముంగిట నిలిచి తన బిడ్డలకు ఇండ్లు వెదకుకొనవలసి వచ్చుట తెరమీద గొప్ప ఘట్టమే. మన ఊరిలో అట్లు జరిగినయెడల అది ఆ సంఘమునకు సిగ్గు. ఆమె మన గడపకు రాకమునుపే మనము ఆమె గడపకు పోవలెను.

3. పనిలో నిలిచినవాడు, ప్రేమను కట్టడముగా మార్చినవాడు

1953లో దేవదాసుగా చనిపోయినట్లు నటించిన నాగేశ్వరరావుకు అప్పుడు 28 ఏండ్లు. అరువది ఏండ్లు గడచిన తరువాత నిజమైన మరణము ఆయనను సమీపించెను. 2013 అక్టోబరులో తనకు క్యాన్సరు వచ్చినదని ఆయనయే లోకమునకు చెప్పెను. అప్పటికి కుమారునితోను మనుమనితోను ‘మనం’ అను చిత్రములో నటించుచుండెను. ఆ పనిని విడువలేదు. 2014 జనవరి 22న కన్నుమూసెను. చిత్రము మే 23న విడుదలైనది. తెరమీద దుఃఖమునకు లోబడినవాని పాత్ర వేసిన మనుష్యుడు, తన వంతు వచ్చినప్పుడు ఆ దారిని పోలేదు. పౌలు చెరసాలలో తన అంతము దగ్గరపడెనని తిమోతికి వ్రాయుచు, అదే పత్రికలో తన అంగీని, పుస్తకములను తెమ్మని అడిగెను. చావు దగ్గరనున్నదని చదువు మానలేదు, చలికి వస్త్రము అడుగుట మానలేదు.

మన హిందూపురమునకు దగ్గరి ఉదాహరణ మరియొకటి కలదు. హిందూపురము ఎన్.టి. రామారావును 1985లోను, 1989లోను, 1994లోను శాసనసభకు పంపెను. రాజకీయము మన పాఠము కాదు. ఆయన పెద్ద కుమారుడు రామకృష్ణ 1962లో మరణించెను. ఆ కుమారుని పేరు హైదరాబాదు నాచారములోని ఆయన స్టూడియోకు ఉన్నది. భార్య బసవతారకము క్యాన్సరుతో మరణించెను. ఆమె పేరిట క్యాన్సరు ఆసుపత్రి కట్టవలెనని ఆయన సంకల్పించెను. ఆయన 1996 జనవరి 18న పోయెను. హైదరాబాదులో ఆసుపత్రి తలుపులు 2000లో తెరువబడెను. తన ఇంటిలోని నొప్పి పరుల ఇంటిలోని నొప్పిని తగ్గించు ఉపాయమైనది. మనకు ఆసుపత్రి కట్టు శక్తి లేదు. కాని పోయిన బిడ్డ పేరిట ఒక పేద పిల్లకు పలకయు పుస్తకములును కొని యిచ్చు శక్తి చాలమందికి కలదు.

ఇక్కడ ఒక సంగతి తేటగా చెప్పవలెను. ‘మనం’ కథ పునర్జన్మమీద నిలిచినది. 1964లో వచ్చిన ‘మూగ మనసులు’ కథయు అట్టిదే. పోయినవారు మరల పుట్టి మనయొద్దకు వత్తురని ఆ కథలు ఓదార్చును. ఆ కోరికను మనము ఎగతాళి చేయరాదు. ఎడబాటే తుదిమాట అని మనుష్యుని హృదయము ఒప్పుకొనలేదనుటకు అది గురుతు. అయితే మన నిరీక్షణ వేరు. లాజరు చనిపోయినప్పుడు మార్త వచ్చి తన నొప్పిని దాచక ప్రభువుతో చెప్పెను. ప్రభువు ఆమెకు పునరుత్థానమును గూర్చి, దానికి మూలమైన తన్ను గూర్చి చెప్పెను. అటుపిమ్మట సమాధియొద్దకు పోయి ఏమి చేసెను? ఏడ్చెను. కొద్ది నిమిషములలో లాజరును లేపబోవుచున్నానని ఎరిగియు ఏడ్చెను. కాబట్టి ‘విశ్వాసులు ఏడువరాదు’ అని విధవరాలిని గద్దించువారు ప్రభువుకంటె ఎక్కువ విశ్వాసము గలవారా?

4. కారణము లేని మరణము

సినిమాలో ప్రమాదము జరిగినయెడల దాని వెనుక తరచుగా ఒక దుర్మార్గుడుండును. చివరికి వాడు పట్టుబడును. మన మనస్సు చల్లబడును. జీవితములో అట్లు కాదు. 2012 మే 22న తెల్లవారకమునుపు, హుబ్లీనుండి బెంగుళూరుకు పోవు హంపీ ఎక్స్‌ప్రెస్ మన పెనుకొండ స్టేషనులో ఆగియున్న గూడ్సు బండిని ఢీకొనెను. 25 మంది చనిపోయిరి. చాలమంది నిద్రలో ఉండిరి. ఒక పెట్టెలోనివారు పోయిరి, మరియొక పెట్టెలోనివారు బ్రదికిరి. ఏ పెట్టె ఎక్కవలెనో ఆలోచించి ఎక్కినవారెవరు?

ఇట్టివి జరిగినప్పుడు రెండు మాటలు పుట్టును. బ్రదికినవారి బంధువులు, ‘మేము ప్రార్థించితిమి గనుక తప్పించెను’ అందురు. పోయినవారిని గూర్చి ఇరుగుపొరుగువారు, ‘ఏ పాపము చేసిరో’ అని గుసగుసలాడుదురు. మొదటి మాట కృతజ్ఞతయైనను, పోయినవారి తల్లి వినునట్లు చెప్పినయెడల అది కత్తిపోటు. ఆమెయు ప్రార్థించియుండును గదా. రెండవ మాటకు ప్రభువే జవాబు చెప్పెను. సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చచ్చినప్పుడు, వారు యెరూషలేములోని తక్కినవారికంటె ఎక్కువ పాపులు కారని ఆయన తేల్చిచెప్పి, వినువారిని తమ సంగతి తాము చూచుకొనుడని హెచ్చరించెను. ప్రమాదములో మనుష్యుల పొరపాటు ఏదైన ఉన్నదా అని విచారించుటకు అధికారులు కలరు. చనిపోయినవాని పాపమును వెదకుటకు మనకు ఎవరును అధికారమియ్యలేదు.

యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు అతనితో నేలపై కూర్చుండి ఒక్క మాటయైనను పలుకలేదు. వారు చేసిన మంచి పని అదియే. నోరు తెరచి కారణములు చెప్పనారంభించినప్పటినుండి అతనికి భారమైరి. మాట తోచనప్పుడు మౌనముగా కూర్చుండుట చేతగానితనము కాదు, అది పరిచర్య.

ముగింపు

సినిమా మూడు గంటలలో ముగియును. దీపములు వెలుగును, కన్నులు తుడుచుకొని ఇంటికి వత్తుము. మనము కార్చిన కన్నీటికి మనకు ఏమియు ఖర్చు కాలేదు. తెరమీది తల్లికి మన సహాయము అక్కరలేదు. వీధి చివరనున్న తల్లికి అక్కరగలదు, కాని ఆమె దుఃఖము మూడు గంటలలో ముగియదు. సమాధి కార్యక్రమమునకు ఊరంతయు వచ్చును. ఆదరణ కూటమునకు సగము సంఘము వచ్చును. నెల దాటిన తరువాత ఎవరు వత్తురు? ఆమె ఒంటరిగా పొయ్యి వెలిగించు సాయంకాలములు అప్పుడే మొదలగును. తెరమీద అపరిచితుల కొరకు ఏడ్చుటకు మెత్తబడిన హృదయమును దేవుడు మనకిచ్చెను. ఆ మెత్తదనము మనలను లేపి ఆమె గడపవరకు నడిపించినప్పుడే ఆ కన్నీరు సార్థకము.

ఆలోచించి ఆచరించుటకు

1. గత సంవత్సరములో మన సంఘములో మరణము సంభవించిన ఇండ్లు ఏవి? ఈ నెలలో ఏ దినమున వారి యింటికి పోయెదరు? స్త్రీల సమాజము, యౌవనుల కూటము ఇండ్లను పంచుకొనవలెను.

2. మీ అప్పులు, కాగితములు, బిడ్డల సంగతి మీ ఇంటివారితో మాటలాడితిరా? ఈ వారమే మాటలాడుడి.

3. సమాధి కార్యక్రమములో మందు పోయు అలవాటు మన వీధిలో ఉన్నయెడల, దానికి బదులు గుంట త్రవ్వినవారికి కడుపునిండ అన్నము పెట్టు ఏర్పాటు ఎవరు చేయుదురు?

ప్రార్థన

లాజరు సమాధియొద్ద ఏడ్చిన ప్రభువా, మా కన్నీటిని నీవు ఎరుగుదువు. ఏడ్చుటకు సిగ్గుపడని హృదయమును, ఏడ్చి లేచు బలమును, ఏడ్చువారియొద్ద మౌనముగా కూర్చుండు ఓర్పును మాకు దయచేయుము. ఆమేన్.