సాత్వికుల దాయము

యేసు మహాత్ముడు కొండపై చేసిన ప్రసంగమునందు ధన్యులని యెన్నిన వారిలో మూడవవారు సాత్వికులు. వారికి భూమి దాయముగా సంక్రమించునని ఆయన వాగ్దానము. ఆత్మయందు దీనులైనవారికి స్వర్గరాజ్యము లభించుననిన నమ్ముట కష్టము కాదు. ఆ రాజ్యమును మనమెవ్వరమును కన్నులార చూచియుండలేదు. దుఃఖించువారికి ఓదార్పు కలుగుననుటయు మన యనుభవమునకు దూరము కాదు. కాని సాత్వికులకు భూమి దక్కుననగనే లోకజ్ఞుడగువాడు చిరునవ్వు నవ్వును. భూమి యెవ్వరికి దక్కుచున్నదో మనమెరుగుదుము. రాత్రివేళ గట్టు జరిపినవానికి, ముందుగా దస్తావేజు వ్రాయించుకొన్నవానికి, వ్యాజ్యమున చివరివరకు ధనము వెచ్చింపగలవానికి అది దక్కుచున్నది. మెత్తనివానిని చూచిన మొత్తబుద్ధి యగునని మన లోకోక్తి. ఈ లోకోక్తికిని ఆ దివ్యోక్తికిని నడుమ సత్యమెచ్చటనున్నదో విచారించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

బ్రాహ్మధర్మావలంబులమగు మనము యేసును ఈశ్వరావతారముగా గాక ధర్మోపదేష్టగా గ్రహించుచున్నాము. ఇందువలన మన భారము తగ్గినదని యెవ్వరును తలపరాదు. దేవునిగా నెంచినవాడు పూజచేసి ఊరకుండవచ్చును. గురువుగా నెంచినవాడు ఆయన మాట ప్రకారము నడువక తప్పదు.

పదార్థ విచారము

సాత్వికుడను పదము సత్త్వశబ్దము నుండి పుట్టినది. సత్త్వమనగా గుణత్రయమున మొదటిది మాత్రమే కాదు. బలమనియు, ప్రాణమనియు దానికర్థములు గలవు. సత్త్వము లేనివానిని మనము నిస్సత్త్వుడందుము. నిస్సత్త్వుని సాత్వికుడని పిలుచుట భాషకే అపచారము. భగవద్గీత పదునారవ యధ్యాయమున దైవీసంపదను లెక్కించుచు మార్దవమును అందు చేర్చినది. కాని ఆ లెక్కలో మొట్టమొదటిది అభయము. భయపడువాని మెత్తదనము మార్దవము కాదని ఈ క్రమమును చూచియే మనము గ్రహింపవచ్చును.

గ్రీకు మూలమునందున్న పదము ‘ప్రఉస్’. దీనిని గ్రీకులు మచ్చికయైన గుఱ్ఱమునకును వాడియున్నారు. మచ్చికయైన గుఱ్ఱము బలము కోల్పోయిన గుఱ్ఱము కాదు. అడవిలో దిక్కుతోచక పరుగెత్తిన బలమే కళ్ళెమునకు లోబడి బరువును గమ్యము చేర్చుచున్నది. అరిస్టాటిలు తన నీతిశాస్త్రమునందు ఈ గుణమును కోపాధిక్యమునకును కోపరాహిత్యమునకును నడిమి స్థానమున నిలిపెను. తగిన హేతువునకై, తగినవానిపై, తగినంతమట్టుకే కోపించువాడు శ్లాఘ్యుడనియు, కోపింపవలసినచోట కోపింపనివాడు బుద్ధిహీనుడుగా తోచుననియు ఆయన యభిప్రాయము.

యేసు వాక్యమునకు ఆధారము హెబ్రీయుల ముప్పదియేడవ కీర్తన. అందు ‘అనావీం’ అను మాట వచ్చును. బలవంతులచే అణగద్రొక్కబడియు ఈశ్వరుని యందు నమ్మిక విడువని దీనజనులని దాని భావము. దుర్మార్గుల వృద్ధిని చూచి కుమిలిపోవలదని ఆ కీర్తన బోధించుచున్నది. ఈ భాషలన్నిటి యర్థమును కూడి చూచినచో సాత్వికుని లక్షణము మూడు మాటలలో ఇముడును: శక్తి గలిగియుండుట, ఆ శక్తిని వశమునందుంచుకొనుట, ఫలమును ఈశ్వరునకు విడిచిపెట్టుట.

యేసు చరిత్రమునందలి సాక్ష్యము

తాను సాత్వికుడనని యేసు స్వయముగా చెప్పుకొనెను. కావున ఈ గుణమునకు ఆయన నడవడియే వ్యాఖ్యానము. మత్తయి సువార్త యిరువదియొకటవ యధ్యాయమున ఆయన సాత్వికుడగు రాజువలె గాడిదనెక్కి యెరూషలేము ప్రవేశించెను. అదే యధ్యాయమున దేవాలయ ప్రాంగణమునందు రూకలు మార్చువారి బల్లలను పడద్రోసెను. ఈ రెండు కార్యములకును విరోధమున్నదని తలచువారు సాత్వికత నింకను తెలిసికొనలేదు. తనకు గౌరవము తక్కువయైనందుకు ఆయన కోపింపలేదు. బీదల భక్తిని వ్యాపారముగా మార్చినందుకు కోపించెను.

న్యాయవృత్తియందుండువారు ప్రత్యేకముగా ధ్యానింపదగిన ఘట్టము యోహాను సువార్తయందున్నది. ప్రధానయాజకుని యెదుట విచారణ జరుగుచుండగా, యేసు చెప్పిన సమాధానము మర్యాదగా లేదని ఒక బంట్రౌతు ఆయన చెంపపై కొట్టెను. ఆయన తిరిగి కొట్టలేదు, శపింపలేదు. అట్లని మౌనముగను ఉండలేదు. నేను చెప్పినది తప్పయినచో ఆ తప్పును నిరూపింపుము, సత్యమైనచో కొట్టుటకు కారణమేమి యని అడిగెను. ఇది సాక్ష్యము కోరు ప్రశ్న. నేరము రుజువు కాకమున్నే శిక్ష విధింపరాదను ధర్మమంతయు ఇందు ఇమిడియున్నది. రెండవ చెంపను చూపుమని బోధించిన గురువు తన చెంపపై దెబ్బ పడినపుడు ఈ విధముగా నడచెను గనుక, ఆ బోధకు అన్యాయమును ఒప్పుకొనుమని అర్థము కాదనుట స్పష్టము. పగకు పగ కూడదు. సత్యమును విడుచుటయు కూడదు.

దీనిని పౌలు చరిత్రతో పోల్చి చూడవలెను. అపొస్తలుల కార్యముల గ్రంథమున, ప్రధానయాజకుడు తన నోటిపై కొట్టుడని యాజ్ఞాపింపగా, పౌలు ఆతనిని సున్నము కొట్టిన గోడతో పోల్చి, దేవుడు నిన్ను కొట్టుననెను. అట్లన్నది ప్రధానయాజకునితోనని ప్రక్కవారు తెలుపగనే, అధికారిని దూషింపరాదను ధర్మశాస్త్ర విధిని స్మరించి వెనుకకు తగ్గెను. ఇద్దరును కోరినది న్యాయమే. శిష్యునియందు కోపము వాక్కును ముందుకు త్రోసినది. గురువునందు వాక్కు కోపమును వెనుకకు నిలిపినది. అయినను పౌలు తగ్గిన తీరు కూడ సాత్వికతయే. మాట జారనివాడు అరుదు. జారిన మాటను అందరియెదుట మరలించుకొనువాడు అంతకంటె అరుదు.

రామమోహనుని నిదర్శనము

మన సమాజ చరిత్రయందే ఈ ధర్మమునకు గొప్ప నిదర్శనము గలదు. రాజా రామమోహనరాయలు 1820వ సంవత్సరమున కలకత్తా నగరమందు నాలుగు సువార్తల నుండి యేసు నీతిబోధలను ఏర్చి ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించెను. అద్భుతకథలను, సిద్ధాంత కలహములకు చోటిచ్చు భాగములను విడిచి, శాంతిసౌఖ్యములకు మార్గముగా నీతిని మాత్రమే నిలిపెను. ఒక హిందువు యేసునింతగా ఆదరించినందుకు క్రైస్తవ బోధకులు సంతసింతురని యెవ్వరైన తలతురు. జరిగినది వేరు. శ్రీరామపురపు మిషనరీల పత్రిక ఆ గ్రంథమును ఖండించి, గ్రంథకర్తను ‘హీదెన్’ అను తిరస్కారపదముతో పేర్కొనెను. జాషువా మార్ష్‌మన్ పండితుడు వాదమునకు పూనుకొనెను.

రామమోహనుడు ఆ సంవత్సరముననే సత్యమిత్రుడను మారుపేరుతో క్రైస్తవ ప్రజలకు విజ్ఞప్తి వ్రాసెను. ఆ పదప్రయోగము క్రైస్తవ ధర్మమునకు తగదని తెలిపెను. తాను మాత్రము ప్రతిదూషణకు దిగలేదు. 1821లో రెండవ విజ్ఞప్తిని, 1823లో తుది విజ్ఞప్తిని ప్రకటించెను. గ్రీకు హెబ్రూ మూలములను పరిశీలించి, పదమునకు పదము తరచి, ప్రతివాదుల లేఖనములతోనే ప్రతివాదులకు సమాధానము చెప్పెను. మొదటి రెండింటిని అచ్చువేసిన బాప్టిస్టు మిషన్ ముద్రాలయము మూడవదానిని అచ్చువేయ నిరాకరింపగా, ఆయన అక్షరములను తానే సమకూర్చుకొని యూనిటేరియన్ ముద్రాలయమున దానిని వెలువరించెను. తలుపు మూసినవారిని నిందించుచు కూర్చుండక వేరొక తలుపు తెరచెను.

ఇందు మనము గమనింపవలసిన విశేషమొకటి కలదు. మూడు గ్రంథముల వాదమునకును మార్ష్‌మన్ తన పక్షమును విడువలేదు. కాని విలియం ఆడమ్ అను మరియొక బాప్టిస్టు బోధకుడు, సువార్తలను బంగాళీభాషలోనికి మార్చు పనియందు రామమోహనునితో కలసి కూర్చుండి మూలపదములను విచారించుచు, 1821లో త్రిత్వవాదమును విడిచి ఏకేశ్వరవాదియయ్యెను. ఎదురెదురుగా నిలిచి చేసిన వాదమునకు సాధ్యము కానిది ప్రక్కప్రక్కన కూర్చుండి చేసిన విచారమునకు సాధ్యమయ్యెను. వాదమున గెలిచి మనిషిని కోల్పోవు మనబోటివారికి ఇంతకు మించిన పాఠము లేదు.

సాత్వికుడు న్యాయస్థానమునకు పోవచ్చునా యని కొందరడుగుదురు. సహగమనమును నిషేధించు శాసనము 1829వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీన వెలువడెను. దానిని రద్దుచేయవలెనని పూర్వాచారపరులు ఇంగ్లండునందలి ప్రివీ కౌన్సిలునకు మనవి చేసికొనిరి. రామమోహనుడు 1830లో ఓడనెక్కినపుడు, శాసనమును నిలుపవలెనను విజ్ఞాపనను తనతో గొనిపోయెను. 1832లో పూర్వాచారపరుల మనవి కొట్టివేయబడెను. తనకు జరిగిన అవమానమును సహించినవాడే విధవలకు జరుగు హింసను సహింపలేదు. సహింపదగినదేదో, సహింపరానిదేదో ఆయనకు తెలిసియుండెను.

కపట సాత్వికత

ఇచ్చట మేము కఠినమైన మాట యొకటి చెప్పవలసియున్నది. సాత్వికత మనము ఆచరింపవలసిన ధర్మమే గాని యెదుటివానికి విధింపవలసిన శాసనము కాదు. కూలి పెంచుమని యడిగిన పాలికాపునకు ఓర్పును బోధించు ఆసామియు, బావి కడకు రావలదన్న కులమువారిని సహించి యుండుమని దళితునకు హితవు చెప్పు పెద్దమనిషియు, నోరెత్తకుమని కోడలికి నీతులు చెప్పు అత్తమామలును యేసు వాక్యమును ఉచ్చరించుటకు అర్హులు కారు. యేసు ఆ మాటను అణగియున్నవారితో ఆదరణగా చెప్పెను. అణచువారి చేతికి ఆయుధముగా ఈయలేదు. శక్తి గలవాడు సాత్వికుడైనపుడే శక్తిలేనివాడు నిర్భయుడగును.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు తొలి వితంతు వివాహమును జరిపించినపుడు, ఓర్పు వహింపుమని విధవలకు బోధించువారు ఊరినిండ ఉండిరి. ఆ బోధకులే బహిష్కారమునకును పూనుకొనిరి. పంతులుగారు వెనుదీయలేదు, నిలువనీడ లేని స్త్రీలకు ఆశ్రయము కల్పించిరి. ఆ కాలపు ఖండనమండనములను నేడు చదువువారు కొందరే; ఆ ఆశ్రయమున మరల మొలకెత్తిన జీవితములు మాత్రము ఇంటింటి వంశవృక్షములయందు నిలిచియున్నవి.

సంస్కర్తలకు మరియొక ప్రమాదము గలదు. సత్యము మన పక్షమున నున్నదను నమ్మకము మనకు గర్వముగా మారుట సులభము. తాతగారి సంధ్యావందనమును పరిహసించు యువకుడును, తులసికోటకు మ్రొక్కు అమ్మమ్మను మూఢురాలనువాడును తాము విగ్రహములను విడిచితిమనుకొందురు. అహంకారమను విగ్రహము వారి హృదయమందిరమున నిత్యపూజ లందుకొనుచునే యున్నది. న్యాయస్థానములయందు మేము తరచుగా చూచునదేమనగా, పత్రబలము గలవాడు తగ్గుస్వరముతో మాటలాడును. అది లేనివాడు బల్ల గుద్దును. మతవిషయమునను ఇంతే.

దాయమనగా నేమి

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. సాత్వికులకు భూమి యెట్లు లభించును? యేసు ‘సంపాదింతురు’ అనలేదు, ‘జయింతురు’ అనలేదు, దాయముగా పొందుదురనెను. ఆస్తి స్వార్జితము కావచ్చును, దాయము కావచ్చును. స్వార్జితము మన ప్రయత్నమువలన వచ్చును. దాయము బంధుత్వమువలన వచ్చును. విజ్ఞానేశ్వరుని మితాక్షర దాయమును రెండు విధములుగా విభజించి, పితృపితామహుల ధనమునందు పుత్రునికి పుట్టుకతోనే కలుగు హక్కును అప్రతిబంధ దాయమని పేర్కొనినది. తండ్రి మరణించువరకు వేచియుండవలసిన పనిలేదు, పుత్రుడగుటయే హక్కు. మన శాసనములు ఈ జన్మహక్కును కుమార్తెకు కుమారునితో సమముగా దేశమంతట 2005వ సంవత్సరమున గాని ఈయలేదు. పరమపిత దాయభాగమున ఆ భేదమెన్నడును లేదు.

బలవంతుడు భూమిని ఆక్రమించును, కాని అనుభవింపజాలడు. తన గట్టును పొరుగువాడు జరుపునేమోయని రాత్రులు నిద్రించడు. సాత్వికుడు పుత్రుడుగా భూమిపై నడచును. పొరుగువాని పొలము పండినను ఆతనికి సంతోషమే; ఊరిచెరువు నిండినను ఆతనికి సంతోషమే. ఆతని పేర పట్టా కొంచెమే యుండవచ్చును. ఆతనికి పరాయిదగు నేల లేదు. ఇది కవుల యూహ మాత్రము కాదు. అన్నదమ్ముల పాలు పంచునపుడు ఒక్కడు మెత్తబడినచో ఇల్లు నిలుచుటయు, ఇద్దరును బిగిసినచో ఇల్లును పొలమును ఖర్చుల క్రింద కరగిపోవుటయు మనమెన్ని కుటుంబములలో చూడలేదు? ఇక్కడ మెత్తబడుట యనగా న్యాయమైన భాగమును విడుచుట కాదు. భాగము కొరకు సోదరుని విడువకుండుట.

ఆత్మపరీక్ష

చదువరులు ఏకాంతమున ఈ ప్రశ్నలను తమకు తాము వేసికొందురు గాక.

ఒకటి: గడచిన మాసమున నాకు కలిగిన కోపములలో నా గౌరవము కొరకైనవెన్ని, పరులకు జరిగిన అన్యాయము కొరకైనవెన్ని?

రెండు: నాకంటె అధికునితో మాటలాడు స్వరమునకును, నా యింట పనిచేయువారితో మాటలాడు స్వరమునకును భేదమెంత?

మూడు: నాతో విభేదించువాని వాదమును, ఆతడు విని ఔనని యొప్పుకొనునంత న్యాయముగా నేను చెప్పగలనా?

నాలుగు: నేను మౌనముగా నుండినపుడు, ఆ మౌనము ఓర్పువలననా, భయమువలననా?

ప్రార్థన

ఏకమేవాద్వితీయుడవగు పరమేశ్వరా! మాకు శక్తి నిచ్చితివి. దానికి కళ్ళెమును నీవే యిమ్ము. మాకు కలిగిన అవమానమును మరచునట్టియు, దీనులకు కలిగిన అవమానమును మరువనట్టియు హృదయమును దయచేయుము. సత్యమును పలుకునపుడు మా నాలుకను ద్వేషము తాకకుండునట్లును, ద్వేషమునకు జడిసి మా నాలుక సత్యమును విడువకుండునట్లును కాపాడుము. నీ బిడ్డలమని యెరిగి, ఈ భూమిని నీ యిల్లుగా, దీనిలోని వారందరిని మా తోబుట్టువులుగా చూచు భాగ్యమును ప్రసాదింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః