గుట్ట మీద తంగేడు పెంచాలంటే

బతుకమ్మకు తంగేడు పూవు కావాలంటే ఒకప్పుడు ఊరు దాటితే చాలు. ఇప్పుడు గుట్టలు క్వారీలయ్యాయి, చెలకలు ప్లాట్లయ్యాయి. పట్నాల్లో పూవును కట్టల లెక్కన కొంటున్నాం. తెలంగాణ రాష్ట్ర పుష్పం ఇది. కోసేవాళ్లే తప్ప విత్తేవాళ్లు లేకపోతే ఎన్నాళ్లుంటుంది? రాతి నేలలో, వానాధారంగా దీన్ని పెంచడం కష్టమేమీ కాదు. ఓపికంతా గింజ దగ్గరే.

పలచటి, బల్లపరుపు కాయలు చెట్టు మీదే ఎండి గోధుమరంగుకు తిరిగాక కోయండి. ఊపితే గలగలమనాలి. ఒలిచాక పురుగు తొలిచిన గింజల్ని ఏరేయండి. నీళ్లలో వేస్తే తేలేవీ పనికిరావు.

తంగేడు గింజ పెంకు గట్టిది, నీటిని ఓ పట్టాన లోపలికి రానీయదు. ఒక్క జల్లుకే గింజలన్నీ మొలిచి, ఆ వెంటనే ఎండకు మాడిపోకుండా ఆ పెంకే కాపాడుతుంది. నీళ్లు మరిగించి, పొయ్యి మీంచి దించి, పొంగు ఆగాక గింజల మీద పోసి రాత్రంతా వదిలేయండి. గింజల్ని మాత్రం ఉడికించకూడదు. తెల్లారేసరికి కొన్ని ఉబ్బి, వేళ్ల మధ్య జారుతుంటాయి. వాటిని వెంటనే విత్తాలి. ఉబ్బనివాటిని గరుకు బండ మీద ఒక పక్క కొద్దిగా రుద్ది, మళ్లీ నానబెట్టండి.

తల్లివేరు లోతుకు దిగే మొక్క కాబట్టి సంచుల్లో పెంచి నాటడం కంటే నేరుగా విత్తడమే మేలు. తొలకరి పడ్డాక గడ్డపారతో మూరెడు లోతున మొరం పగలగొట్టి, అదే మట్టిని వదులుగా నింపి, గోరు లోతున రెండు మూడు గింజలు వేయండి. పెంట అక్కర్లేదు. వాలు నేలైతే పల్లం వైపు అర్ధచంద్రాకారంగా రాళ్లు పేర్చండి, వాన నీరు పరుగెత్తకుండా అక్కడే ఇంకుతుంది. మొదటి ఎండాకాలం మాత్రం పది పదిహేను రోజులకోసారి నీళ్లు పోయాలి. పశువులు పెద్దగా ముట్టవు.

పూత మొదలయ్యాక పురుగుమందు కొట్టకండి. ఈ పూవులో తేనె ఉండదు, పుప్పొడి కేసరాల కొసన ఉన్న సన్నని రంధ్రాల్లోంచి రావాలి. నల్ల తుమ్మెద వచ్చి పూవును కరచుకుని ఝుమ్మని వణికిస్తేనే పుప్పొడి రాలుతుంది. తుమ్మెద రాకపోతే కాయ పట్టదు.

పండుగకు కోసేటప్పుడు కొమ్మలు విరిచేయకండి. పొదకు నాలుగైదు గుత్తులైనా వదిలేయండి. వచ్చే తొలకరికి విత్తే గింజలు వాటిలోంచే రావాలి.