లూప్ తిరిగింది, మొత్తం మాత్రం సున్నా

ప్రశ్న: సి నేర్చుకుంటున్నాను. మొదట ‘ఇంట్ మొత్తం = 0;’ అని రాసి, ఫర్ లూప్ లోపల ‘ఇంట్ మొత్తం = మొత్తం + మార్కు;’ అని 5 సబ్జెక్టుల మార్కులు కలిపాను. ఎర్రర్ రాలేదు. కానీ లూప్ అయ్యాక ప్రింట్ చేస్తే 0 వస్తోంది. ఎందుకు?

జవాబు: లూప్ లోపల రాసిన ఆ రెండో ‘ఇంట్’ వల్ల. అది కనబడగానే కంపైలర్ కొత్త వేరియబుల్‌ను ప్రకటిస్తున్నారని అనుకుంటుంది. పేరు ఒకటే, మెమరీలో చోటు వేరు. లోపలి ‘మొత్తం’ ప్రతి చుట్టులోనూ కొత్తగా పుట్టి, మూసే బ్రాకెట్ దగ్గర పోతోంది. బయటి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, కనుక 0గానే ఉండిపోయింది.

ఇంతకన్నా ప్రమాదకరమైన సంగతి ఇంకోటుంది. సమానం గుర్తుకు కుడివైపున్న ‘మొత్తం’ కూడా లోపలిదే! సిలో కొత్త పేరు ఆ గుర్తుకు ముందే అమల్లోకి వచ్చేస్తుంది. అప్పటికి దానికి విలువే ఇవ్వలేదు. అంటే మీరు మార్కును ఏదో చెత్త విలువకు కలుపుతున్నారు.

లోపల ‘ఇంట్’ తీసేసి ‘మొత్తం = మొత్తం + మార్కు;’ అని రాయండి. టైపు చెప్పి ప్రకటించడం ఒక్కసారే. విలువ మార్చడం ఎన్నిసార్లయినా. జీసీసీ వాడుతుంటే ‘-డబ్ల్యుషాడో’ హెచ్చరికను తప్పకుండా ఆన్ చేసుకోండి, ఇలాంటివి పట్టిస్తుంది. ఇదే పని జావాలో చేస్తే కంపైలరే ఒప్పుకోదు. పైథాన్‌లో మామూలు వేరియబుల్‌కు విడిగా ప్రకటనే అక్కర్లేదు, విలువ ఇస్తే చాలు. అందుకే అక్కడ పేరులో ఒక్క అక్షరం తప్పినా చడీచప్పుడు లేకుండా కొత్త వేరియబుల్ తయారవుతుంది.