ఆటోక్యాడ్ ఫైల్ బరువెక్కిందా? పర్జ్‌తో ఇలా శుభ్రం చేయండి

స్క్రీన్ మీద కనిపించేది నాలుగు గీతలు, రెండు వాల్వులు. ఫైల్ సైజ్ మాత్రం 30 ఎంబీ! విశాఖలో మెకానికల్, సివిల్ చదివేవాళ్లకి, గాజువాక ఆటోనగర్‌లో డ్రాఫ్టింగ్ పనిలో చేరినవాళ్లకి ఈ తలనొప్పి కొత్త కాదు. కొత్త ర్యామ్ కొనే ముందు ఆ ఫైల్ లోపల ఏముందో ఒకసారి చూద్దాం.

చెరిపినా ఎందుకు పోదు?

విశాఖ స్టీల్ ప్లాంట్‌ని నడిపే రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ 1982 ఫిబ్రవరిలో ఏర్పడింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఆటోక్యాడ్ మొదటి వెర్షన్ వచ్చింది. అప్పట్లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ అంటే ట్రేసింగ్ పేపర్, ఇంక్ పెన్ను. గీత తప్పితే బ్లేడుతో గీకేసేవాళ్లు, అంతటితో అది పోయేది. డీడబ్ల్యూజీ ఫైల్‌లో అలా కాదు.

ఒక వాల్వ్ గుర్తుని బ్లాక్‌గా చేశారనుకోండి. దాని అసలు బొమ్మ, అంటే డెఫినిషన్, ఫైల్ లోపలి పట్టికలో ఒక్కసారే ఉంటుంది. డ్రాయింగ్‌లో వంద చోట్ల కనిపించేవన్నీ దాని రిఫరెన్సులే. ఆ వందా డిలీట్ చేసినా డెఫినిషన్ కదలదు. లేయర్లు, లైన్‌టైపులు, టెక్స్ట్ స్టైల్స్, డైమెన్షన్ స్టైల్స్ కూడా అంతే. ప్లాంట్ అయినా షిప్‌యార్డ్ అయినా, పాత ఫైల్‌ని 'సేవ్ యాజ్' కొట్టి కొత్త డ్రాయింగ్ మొదలుపెడితే ఈ చెత్త తరం తర్వాత తరం దిగుతుంది.

సైజ్ ఒక్కటే సమస్య కాదు. ఒక క్లయింట్ ఫైల్ మీద ఇంకో క్లయింట్ పని చేసి పంపారనుకోండి. మొదటివాళ్ల టైటిల్ బ్లాక్, వాళ్ల యంత్రం బొమ్మ షీట్ మీద లేకపోయినా ఫైల్‌లో ఉంటాయి. అవతలివాళ్లు బ్లాకుల లిస్ట్ తెరిస్తే చాలు, అన్నీ బయటపడతాయి. గోప్యత షరతు ఉన్న పనిలో ఇది ఉద్యోగం మీదకి వచ్చే విషయం.

శుభ్రం చేసే వరుస

1. ముందు ఫైల్‌కి కాపీ తీసుకోండి. పని మొత్తం కాపీ మీదే.

2. ఆడిట్ కమాండ్ కొట్టి, తప్పులు సరిచేయాలా అని అడిగితే 'వై' ఇవ్వండి.

3. ఓవర్‌కిల్ కమాండ్ ఒకదాని మీద ఒకటి పడిన గీతల్ని తీసేస్తుంది. ఇది గీసినవాటినే తీస్తుంది కాబట్టి సెట్టింగ్స్ చూసి ఓకే చేయండి.

4. ఇప్పుడు పర్జ్. షార్ట్‌కట్ 'పీయూ'. 'పర్జ్ నెస్టెడ్ ఐటమ్స్' టిక్ పెట్టి 'పర్జ్ ఆల్' నొక్కండి. నెస్టెడ్ ఎందుకంటే, వాల్వ్ బ్లాక్ లోపల బోల్ట్ బ్లాక్ ఉంటే, వాల్వ్ పోయేదాకా బోల్ట్ 'వాడకంలో ఉన్నట్టే' లెక్క. కోడింగ్ తెలిసినవాళ్లకి ఇది గార్బేజ్ కలెక్షన్ లాంటిదే. రిఫరెన్స్ సున్నా అయితేనే బయటికి.

5. రెగ్‌యాప్స్ అనే మరో రకం చెత్త ఉంది. వేరే ప్రోగ్రాములు ఫైల్‌లో వదిలిన పేర్లు ఇవి. వీటికోసం మైనస్ గుర్తుతో పర్జ్ టైప్ చేసి, 'ఆర్', తర్వాత స్టార్ గుర్తు, చివర్లో 'ఎన్' ఇవ్వాలి. ఒక్కోదానికీ ఎంటర్ కొట్టండి.

6. సేవ్ చేసి, పాత సైజ్‌తో పోల్చుకోండి. బ్రిక్స్‌క్యాడ్, జెడ్‌డబ్ల్యూక్యాడ్ లాంటి వాటిలోనూ పర్జ్ ఉంది.

కొన్ని ఎందుకు పోవు?

సున్నా లేయర్, మీరు ప్రస్తుతం నిలబడి ఉన్న లేయర్, స్టాండర్డ్ టెక్స్ట్ స్టైల్ పోవు. ఫ్రీజ్ చేసిన లేయర్ మీద ఒక్క చుక్క ఉన్నా ఆ లేయర్ పోదు. కంటికి కనిపించకపోవడం వేరు, వాడకంలో లేకపోవడం వేరు. ఆటోక్యాడ్ 2020 నుంచి పర్జ్ విండోలోనే, తీయలేనివి ఎక్కడ ఇరుక్కున్నాయో వెతికి చూపించే సౌకర్యం వచ్చింది.

ఇక్కడ మాత్రం ఆగండి

టెంప్లేట్ ఫైల్‌లో 'పర్జ్ ఆల్' కొట్టకండి. క్లయింట్ అడిగిన లేయర్లు, స్టైల్స్ అందులో ముందే పెట్టి ఉంచుతారు. ఇంకా ఏమీ గీయలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ కళ్లకి అవన్నీ చెత్తే. డెఫినిషన్లు మాత్రమే దాచుకున్న బ్లాక్ లైబ్రరీ ఫైల్ అయితే ఒక్క క్లిక్‌తో ఖాళీ. సేవ్ చేసి మూసేశాక అన్‌డూ కూడా ఉండదు.

అందుకే లెక్క సింపుల్: టెంప్లేట్, లైబ్రరీ ముట్టుకోవద్దు. రోజూ పనిచేసే ఫైల్‌లో లిస్ట్ చదివి అవసరం లేనివే తీయండి. బయటికి వెళ్లే కాపీలో మాత్రం మొత్తం ఊడ్చేయండి. వాడకంలో ఉందా లేదా అనేది సాఫ్ట్‌వేర్ చెప్పగలదు. రేపు అవసరం పడుతుందా అనేది మీరే చెప్పాలి.