తేమ శాతం – తూకం తరుగు: లెక్క ఎక్కడ తప్పుతోంది?

ధాన్యం బేరంలో ధర కుదిరిన తర్వాత కూడా పేచీ వచ్చేది తేమ దగ్గరే. 20 శాతం తేమ గల ధాన్యాన్ని 14 శాతానికి ఆరబెడితే క్వింటాలుకు 6 కిలోల తరుగు వస్తుందని సాధారణంగా లెక్క వేస్తుంటారు. ఇది సరికాదు.

క్వింటాలులో నీరు 20 కిలోలు పోగా మిగిలే పొడి పదార్థం 80 కిలోలు. ఎంత ఆరినా అది మారదు. తేమ 14 శాతానికి దిగినపుడు ఈ 80 కిలోలు మొత్తం బరువులో 86 శాతమవుతాయి. అంటే మొత్తం బరువు 93.02 కిలోలు, తరుగు 6.98 కిలోలు. వంద క్వింటాళ్ల సరుకుపై తేడా దాదాపు ఒక క్వింటాలు! ప్రభుత్వ సేకరణ ప్రమాణాల గరిష్ఠ పరిమితి అయిన 17 శాతానికి ఆరబెట్టినా తరుగు 3 కిలోలు కాదు, 3.61 కిలోలు.

గింజలో తేమ కదలిక

గింజ పైభాగం త్వరగా ఆరుతుంది. లోపలి తేమ నెమ్మదిగా పైకి రావాలి. అందువల్ల మొదటి గంటల్లో పోయినంత తేమ తర్వాతి గంటల్లో పోదు. గింజలోని తేమకూ, ఆ గాలిలో అది చివరకు నిలిచే తేమకూ మధ్య గల తేడా గంటగంటకూ ఒకే నిష్పత్తిలో తగ్గుతుందన్నది 1921లో లూయిస్ ప్రతిపాదించిన సూత్రం. పొడి పదార్థంపై లెక్కించిన ఆ తేడా 14 పాయింట్లు ఉండి, రెండు గంటల్లో 7కు దిగితే, మరి రెండు గంటలకు 3.5కు మాత్రమే దిగుతుంది. 1949లో పేజ్ మొక్కజొన్నపై చేసిన పరిశీలనతో దీనిని సవరించాడు.

తొందరపడి అధిక వేడి పెడితే పైపొర ముందే బిగుసుకుని గింజలో పగుళ్లు ఏర్పడతాయి. మరపట్టినపుడు నూకలు పెరుగుతాయి. బాగా ఆరిన ధాన్యం రాత్రి మంచుకు తడిసినా ఇదే నష్టం. కనుక డ్రయ్యర్‌లో విడతకు రెండు మూడు శాతం తేమ తీసి, కొన్ని గంటలు కుప్పగా ఉంచి, మళ్లీ ఆరబెట్టడం మేలు. కళ్లంలో రాత్రిపూట టార్పాలిన్ కప్పాలి.

మీటరు చూసేటపుడు

డ్రయ్యర్ నుంచి తీసిన వెంటనే కొలిస్తే, విద్యుత్ నిరోధంపై పనిచేసే మీటరు తక్కువ తేమ చూపవచ్చు. కొన్ని గంటల తర్వాత లోపలి తేమ పైకి వచ్చి అంకె పెరుగుతుంది. కొనుగోలుదారు ఇది గమనించకపోతే నష్టపోతాడు. అనేక బస్తాల నుంచి నమూనా తీసి, కలిపి, మూడుసార్లు కొలిచి సగటు తీసుకోవడం ఉభయులకూ క్షేమం. అప్పటికీ పేచీ తెగకపోతే ఓవెన్ పరీక్షే ప్రమాణం.