మరచిపోని విమానం

పాఠ్యభాగ పరిచయం

కంప్యూటర్ తెరపై విమానాన్ని నిజమైన పద్ధతుల ప్రకారం నడిపే అభ్యాసాన్ని ‘ఫ్లైట్ సిమ్యులేషన్’ అంటారు. ఈ రంగంలో 2023లో వెలువడిన ఒక చిన్నవిమానం అభిమానులను ఎందుకు అంతగా ఆకర్షించిందో, ఆ ఉత్సాహం వెనుక ఉన్న విలువ ఏమిటో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

ఎగరాలన్న కోరిక మానవునికి అనాదిగా ఉంది. అయితే ఎగరడం నేర్చుకొనేటప్పుడు జరిగే పొరపాటుకు మూల్యం ఒక్కొక్కసారి ప్రాణమే. తప్పు చేయనిదే విద్య రాదు. గగనవిహారంలో తప్పు చేస్తే మనిషే మిగలకపోవచ్చు. ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నంలోనే విమాన అనుకరణ యంత్రం, అనగా సిమ్యులేటర్, రూపుదిద్దుకొంది.

అమెరికాలోని బింగమ్టన్ నగరంలో ఎడ్విన్ లింక్ అనే యువకుని తండ్రికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. వాయిద్యాలకు గాలినందించే తిత్తులను ఉపయోగించి లింక్ 1929లో ఒక కదిలే విమాన నమూనాను నిర్మించాడు. మొదట దానిని చాలామంది వినోదవస్తువుగానే చూశారు. 1934లో అమెరికా సైనిక వైమానికులు ఉత్తరాల రవాణా బాధ్యతను స్వీకరించారు. చీకటిలో, మంచులో పరికరాలను చూసి విమానం నడిపే శిక్షణ చాలక పలువురు మరణించారు. ఆ తరువాతనే సైన్యం లింక్ యంత్రాలను కొనుగోలు చేసింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లక్షలాది వైమానికులు వాటిపై శిక్షణ పొందారు.

కంప్యూటర్ల రాకతో ఈ విద్య ఇంటికి వచ్చింది. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో చదివిన బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించిన కార్యక్రమం ఆధారంగా 1982లో ‘మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్’ వెలువడింది. కొద్దిపాటి గీతలతో మొదలైన ఆ దృశ్యం 2020 నాటి రూపంలో భూగోళమంతటినీ తెరపై చూపగలిగింది. అయితే ఇంటి సిమ్యులేటర్‌లో ఒక లోపం మిగిలిపోయింది. విమానం కూలినా, ఇంజను పాడైనా ఒక్క మీట నొక్కితే అంతా యథాస్థితికి వచ్చేది. ప్రాణభయాన్ని తొలగించిన యంత్రం తప్పుకు ఉండవలసిన ఫలితాన్ని కూడా తొలగించింది.

ఈ లోపాన్ని పూరించడానికి కొందరు నిపుణులు పూనుకొన్నారు. మూల కార్యక్రమానికి ఇతరులు తయారుచేసి జతపరిచే అనుబంధాన్ని ‘యాడ్-ఆన్’ అంటారు. ‘ఎ2ఎ సిమ్యులేషన్స్’ అనే సంస్థ 2023లో ‘పైపర్ కొమాంచీ 250’ అనే చిన్నవిమానాన్ని అటువంటి అనుబంధంగా విడుదల చేసింది. అభిమానులు దానిని మహోత్సాహంతో స్వాగతించారు. భారీ జెట్ విమానాలు ఎన్నో అందుబాటులో ఉండగా నలుగురు మాత్రమే కూర్చోగల ఈ చిన్నవిమానానికి అంత ఆదరణ ఎందుకు?

కొమాంచీ చరిత్ర కొంత కారణం. కొమాంచీ 1956లో తొలిసారి ఎగిరింది. దాని 250 నమూనాకు లోహపు రెక్కలు, లోపలికి ముడుచుకొనే చక్రాలు, 250 అశ్వశక్తి గల ఆరు సిలిండర్ల ఇంజను ఉన్నాయి. 1959లో మాక్స్ కాన్రాడ్ అనే వైమానికుడు అదనపు ఇంధనం నింపిన కొమాంచీలో ఒంటరిగా కాసాబ్లాంకా నుండి లాస్ ఏంజెలెస్ వరకు ఎక్కడా దిగకుండా 58 గంటలకు పైగా ప్రయాణించాడు. 1972లో వచ్చిన వరదలు పెన్సిల్వేనియాలోని లాక్ హేవెన్ కర్మాగారాన్ని ముంచెత్తడంతో దాని తయారీ ముగిసింది.

అసలు కారణం మరొకటి ఉంది. ఈ కొమాంచీకి జ్ఞాపకశక్తి ఉంది. యజమాని దానిని ఎలా వాడాడో అది గుర్తుంచుకొంటుంది. ఇంజనుకు కలిగిన అరుగుదల తరువాతి ప్రయాణానికీ కొనసాగుతుంది. ఎగరడానికి ముందు చుట్టూ తిరిగి చమురు మట్టం చూడాలి. ఇంధనంలో నీరు చేరిందేమో పరీక్షించాలి. నేలపై ఇంజనును ఇంధనం ఎక్కువగా కలిసిన మిశ్రమంతో నెమ్మదిగా తిప్పుతూ ఉంటే స్పార్క్ ప్లగ్గులపై మసి, సీసం పేరుకొంటాయి. బయలుదేరేముందు చేసే పరీక్షలో ఇంజను తడబడి ఆ నిర్లక్ష్యాన్ని బయటపెడుతుంది.

గాలిలోనూ ఏమరుపాటు పనికిరాదు. కుండలోని నీరు కొద్దికొద్దిగా ఆవిరి అవుతూ కుండను చల్లబరచినట్లే, కార్బ్యురేటర్‌లో ఆవిరయ్యే ఇంధనం అక్కడి వేడిని పీల్చుకొంటుంది. గాలిలోని తేమ గడ్డకట్టి గాలిదారిని మూసివేస్తుంది. బయట మంచు కురవనవసరం లేదు. ఆహ్లాదకరమైన రోజున కూడా ఈ ప్రమాదం పొంచి ఉంటుంది. ఇంజను శక్తి మెల్లగా తగ్గడాన్ని గమనించి, వేడిగాలిని పంపే మీటను సకాలంలో లాగినవాడే గట్టెక్కుతాడు. పుస్తకంలో ఒక వాక్యంగా చదివిన భౌతికశాస్త్ర సూత్రం ఇక్కడ అనుభవంగా మారుతుంది.

వినోదం కోసం వచ్చినవారు ఇంత శ్రమను కోరుకోవడం విడ్డూరంగా తోచవచ్చు. కాని బాధ్యత లేనిచోట మమకారం పుట్టదు. తోటమాలికి తాను నీరు పోసిన మొక్కపై ఉండే ప్రేమ బజారులో కొన్న పూలపై ఉండదు. తన నిర్వహణలో సక్రమంగా నడిచే విమానాన్ని చూసినప్పుడు అభిమాని పొందే ఆనందం కూడా అటువంటిదే.

అయినా తెర తెరే, ఆకాశం ఆకాశమే. శరీరాన్ని అదిమే బరువు, కుదుపులకు కలిగే కలవరం కుర్చీలో కూర్చున్నవానికి తెలియవు. ఆమోదం పొందిన శిక్షణ పరికరాలపై గడిపిన కాలానికి పరిమితమైన గుర్తింపు ఉంటుంది గాని, ఇంట్లో ఆడుకొన్న గంటలు వైమానిక లైసెన్సు లెక్కలోకి రావు. పరికరాలనే చూస్తూ వెలుపలి ఆకాశాన్ని గమనించని అలవాటు కూడా ఏర్పడవచ్చు. ఈ గుణదోషాలను ఎరిగినవానికే సిమ్యులేటర్ మంచి గురువు.

లింక్ యంత్రం తప్పు చేసినవాని ప్రాణం నిలిపింది. కొమాంచీ అతనికి ఆ తప్పును గుర్తుచేస్తుంది. క్షమించడం, మరచిపోవడం ఒకటి కావు. శిష్యుని క్షమించి, అతని తప్పును మాత్రం మరువని గురువు వద్దనే విద్య నిలుస్తుంది.

కఠినపదాలకు అర్థాలు

అనాదిగా = మొదలు తెలియని కాలం నుండి
మూల్యం = వెల
యథాస్థితి = మునుపటి స్థితి
ఏమరుపాటు = అజాగ్రత్త
మమకారం = నాది అనే ప్రేమ

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నకు ఇరవై వాక్యాలలో సమాధానం వ్రాయండి.
1. కొమాంచీ విమానం అభిమానుల ఆదరణ పొందడానికి గల కారణాలను వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు ఐదు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. లింక్ యంత్రం విలువను సైన్యం ఎప్పుడు గుర్తించింది?
2. కార్బ్యురేటర్‌లో మంచు ఎలా ఏర్పడుతుంది?
3. సిమ్యులేటర్‌కు గల పరిమితులేవి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. బాధ్యత లేనిచోట మమకారం పుట్టదు.
2. క్షమించడం, మరచిపోవడం ఒకటి కావు.

IV. సంధులు, సమాసాలు
మహోత్సాహం = మహా + ఉత్సాహం – గుణసంధి
గగనవిహారం = గగనమునందు విహారం – సప్తమీ తత్పురుష సమాసం
గుణదోషాలు = గుణమును, దోషమును – ద్వంద్వ సమాసం