గోలీలు బంద్ పెట్టకముందు

బాసర



నువ్వు ఫోన్ల అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పేదాన్ని. కని మీ ఇంట్ల అందరు ఉన్నరు, నువ్వు గొంతు తగ్గించి మాట్లాడినవు. అందుకే తీరుబాటుగ రాస్తున్న. అన్నిటికంటె ముందు చెప్పేది ఇది: డాక్టరమ్మ రాసిన హార్మోన్ గోలీలు నీ అంతట నువ్వు బంద్ పెట్టకు. బీడీలు చుట్టేకాడ నలుగురు కూడి "అవి మింగితె క్యాన్సరొస్తదట" అన్నరని భయపడ్డవు. వాళ్లు నీ మేలు కోరే అన్నరు. వాళ్లు విన్నదాంట్ల కొంత నిజం కూడ ఉన్నది. అది ఎవలికి వర్తిస్తదో, నీకు ఎంత వర్తిస్తదో తెలుసుకోకుండ మానేస్తె నష్టపోయేది నువ్వే.

36 ఏండ్లకే నీ గర్భసంచి తీసేసిన్రు. తెల్లబట్ట, నడుం నొప్పి అని పోతె "ఉంచుకుంటె క్యాన్సరయితది" అని బెదిరించిన్రన్నవు. అయిపోయినదానికి నిన్ను ఏమీ అనను. ఒక్కటి మాత్రం అడుగుత: గర్భసంచి ఒక్కటే తీసిన్రా, అండాశయాలు కూడ తీసిన్రా? తెల్వదన్నవు. నేను ఏఎన్ఎంగ ఊర్లు తిరిగిన కాలంల ఈ ప్రశ్న అడిగితె చానామంది మొఖం చూసేది. ఒంట్లకెంచి ఏం తీసిన్రో ఆ మనిషికే తెల్వకపోవుడు నాకు ఇప్పటికి మింగుడు పడదు. బీరువాల డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు వెతుకు. దొరకకపోతె ఆపరేషన్ చేసిన దవాఖానకు పోయి నకలు అడుగు. నీ కాగితం నువ్వు అడిగి తెచ్చుకునే హక్కు నీకున్నది.

ఎందుకంత పట్టుబట్టి చెప్తున్ననంటె, మొత్తం సంగతి దాని మీదనే ఉన్నది. గర్భసంచి ఒక్కటే తీస్తె ముట్లు ఆగుతయి కని అండాశయాలు తమ పని చేస్తనే ఉంటయి. కొందరికి అవి కొన్నేండ్లు ముందుగ ఆగిపోతయి, అంతే. రెండు అండాశయాలు తీసేస్తె అట్ల కాదు. మన దేశంల ఆడోళ్లకు సగటున 46, 47 ఏండ్లకు ముట్లు నిలుస్తయి. ఒళ్లు దానికి నాలుగైదేండ్లు మెల్లమెల్లగ సిద్ధమయితది. అండాశయాలు తీసేస్తె వాటిల తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఒక్కసారిగ పడిపోతది, ఆ వ్యవధి ఉండదు. ఛాతి నుంచి మొఖం దాకా సెగలు లేచుడు, అర్ధరాత్రి చెమటతోని దుప్పటి తడుసుడు, నిద్ర పట్టకపోవుడు, కీళ్ల నొప్పులు, పిల్లల మీద అరిచి మళ్ల నువ్వే ఏడ్సుడు, ఇవన్ని ఆ లోటువే. మీ అత్త "గాలి సోకింది" అంటున్నదన్నవు. ఆమెకు ఈ ఉత్తరం చదివి వినిపియ్యి. గాలీ కాదు, నీ గుణమూ మారలేదు.

సెగలు కొన్నేండ్లకు తగ్గుతయి. ఎముకలు, గుండె సంగతి వేరే. 40 ఏండ్లు నిండకముందే ఈస్ట్రోజెన్ పోతె ఎముకలు తొందరగ గుల్లబారుతయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతది. అందుకే చిన్న వయసుల అండాశయాలు పోయినోళ్లకు, వద్దనే కారణం ఏదీ లేకపోతె, సహజంగ ముట్లు ఆగే వయసు దాకా హార్మోన్ ఇయ్యాలని డాక్టర్లు చెప్తరు. ఒంట్ల ఉండాల్సినదాన్ని తిరిగి ఇచ్చుడు అది. యాభై దాటి, ముట్లు వాటంతట అవి ఆగినోళ్లు సెగలు ఓర్వలేక వాడుకునేదానికి, నువ్వు వాడేదానికి తేడా ఉన్నది.

ఇగ క్యాన్సర్ మాట. ఈ భయానికి చరిత్ర ఉన్నది. అమెరికాల 50 నుంచి 79 ఏండ్ల ఆడోళ్ల మీద చేసిన ఒక పెద్ద పరిశోధనల ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండు కలిపి ఇచ్చిన భాగాన్ని 2002 జూలైల మధ్యల ఆపేసిన్రు. రొమ్ము క్యాన్సర్ పెరిగింది అన్న వార్త లోకమంత పాకింది. ఎంత పెరిగిందో చెప్పినోళ్లు తక్కువ: ఏడాదికి 10,000 మందిల 8 మంది ఎక్కువ. అందుల చేరినోళ్ల సగటు వయసు 63. అదే పరిశోధనల గర్భసంచి లేనోళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన్రు. వాళ్లల్ల రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. పక్షవాతం ముప్పు మాత్రం కొంత పెరిగిందని 2004ల దాన్ని కూడ ఆపిన్రు. నీకు 39 ఏండ్లు, గర్భసంచి లేదు. 63 ఏండ్ల మనిషి లెక్క తెచ్చి నీ మీద పెట్టుడు సరి కాదు.

అట్లని ఈ మందు అందరికీ పడదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినోళ్లు, కాలుల గాని ఊపిరితిత్తులల్ల గాని రక్తం గడ్డకట్టినోళ్లు, గుండెపోటు, పక్షవాతం వచ్చినోళ్లు, కాలేయం బాగ చెడినోళ్లు, కారణం తెల్వకుండ రక్తం పోతున్నోళ్లు వీటి జోలికి పోవద్దు. వాళ్లకు హార్మోన్ లేని వేరే మందులున్నయి. నీ బీపీ చూపించుకో. మన ఇంట్ల రొమ్ము క్యాన్సర్ వచ్చినోళ్లు ఎవలన్న ఉంటె ఆ సంగతి డాక్టరమ్మకు దాయకుండ చెప్పు. పూసుకునే జెల్, అంటించుకునే ప్యాచ్ కూడ ఉంటయి. రక్తం గడ్డకట్టే ముప్పు గోలీలకంటె వాటితోని తక్కువ. నీకేది తగుతదో అడుగు. యోనిల మంటకు, ఎండిపోవుడుకు, భర్తతోని కలిసినప్పటి నొప్పికి లోపల పూసే క్రీము వేరే ఉన్నది. సిగ్గుపడి ఆ మాట మింగకు. ఏండ్లకేండ్లు ఆ నొప్పి ఓర్చుకొని ఎవలికీ చెప్పుకోని ఆడోళ్లను నేను చానామందిని చూసిన.

నీ గోలీలు పక్కింటామెకు మాత్రం ఇయ్యకు బిడ్డా. "నాకు కూడ సెగలే, ఒక షీటు ఇయ్యరాదు" అని అడుగుతరు. గర్భసంచి ఉన్న మనిషి ఈస్ట్రోజెన్ ఒక్కటే మింగితె లోపలి పొర మందమైతది, ముందు ముందు క్యాన్సర్‌కు దారి తీస్తది. వాళ్లకు దాంతోపాటు ప్రొజెస్టిరాన్ ఉండాలె. నీకు మేలు చేసిన మందే ఆమె ప్రాణం మీదికి తేవచ్చు. కష్టం చెప్పుకో, కలిసి దవాఖానకు పోండి, చీటీ మాత్రం ఎవలిది వాళ్లకే. ముట్లు ఆగి ఏడాది దాటినంక ఏ ఆడమనిషికైన రక్తం కనబడితె, చుక్కే అయినా సరే, చూపించుకొమ్మని గట్టిగ చెప్పు.

ఎక్కడికి పోవాలె అంటవేమో. 2023 మార్చి 8న కరీంనగర్‌ల సర్కారోళ్లు "ఆరోగ్య మహిళ" కార్యక్రమం మొదలు పెట్టిన్రు. మొదలు రాష్ట్రంల 100 దవాఖానల్ల, మంగళవారం ఆడోళ్లకే, ఆడ సిబ్బందితోనే. అందుల మెనోపాజ్ (ముట్లు ఆగుడు) పరీక్షలు, అవసరమైనోళ్లకు హార్మోన్ వైద్యం, సలహా కూడ ఉంటయని అప్పుడు చెప్పిన్రు. మీ దగ్గరి పీహెచ్‌సీల ఇప్పుడు నడుస్తున్నదా అని మీ ఊరి ఆశ వర్కరమ్మను అడుగు. పెద్ద డాక్టరు కావాలంటె నిర్మల్ పోవచ్చు, లేకుంటె బాసరల రైలెక్కితె నిజామాబాద్ ప్రభుత్వ దవాఖాన. నేను తోడు వస్త. ఎముకల గట్టితనం కొలిచే స్కాన్ నీకు అవసరమా అని కూడ అడుగు. పొద్దంత బీడీల చాట ముందు వంగి కూసుంటవు. గంటకొకసారి లేచి నడువు, పొద్దుగాల ఎండల ఉండు, పెరుగు, రాగులు, నువ్వులు తిను.

నువ్వు ఒంటరిదానివి కావని నీకు తెలియాలె. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల 15-49 ఏండ్ల ఆడోళ్లల్ల గర్భసంచి తీసేసినోళ్లు దేశమంత చూస్తె నూటికి ముగ్గురు, మన తెలంగాణల ఎనిమిది మంది. ఇందుల ఎక్కువ ఆపరేషన్లు ప్రైవేటులనే. డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి మెదక్ జిల్లా పల్లెలు తిరిగి, అక్కర లేకున్నా చిన్న వయసుల ఈ ఆపరేషన్లు జరుగుతున్నయని 2009లనే రాసిన్రు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లల్ల ఇట్లనే జరిగిందని ఒక డాక్టరు కోర్టుకు పోతె, 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఇటువంటివి అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలలల్ల పాటించాలని అన్ని రాష్ట్రాలకు చెప్పింది. తీర్పు ఢిల్లీల వచ్చింది, మన ఊరి ఆడోళ్లకు చేరాలంటె నీలాంటోళ్లు నోరు విప్పాలె.

మీ మహిళా సంఘం మీటింగుల అప్పు కిస్తీల లెక్క అయినంక ఒక అరగంట దీనికి పెట్టండి. నీకు జరిగింది చెప్పు. 30 ఏండ్ల పిల్ల ఎవలన్న "గర్భసంచి తీయమన్నరు" అంటె, ఇంకో డాక్టరుకు చూపించకుండ ఒప్పుకోవద్దని, అండాశయాలు ఉంచుతరా అని ముందే అడగమని చెప్పు. తెల్లబట్టకు, నడుం నొప్పికి మందులతోని నయమయ్యే కారణాలు చానా ఉన్నయి.

ఆ కాగితం దొరకంగనే ఫోటో తీసి నాకు పంపు. గోలీలు మానాలన్నా, మార్చాలన్నా డాక్టరమ్మ ముందు కూసొని అడిగినంకనే.

మీ పెద్దమ్మ